మూడో నంబరు సీసా

నామినేషన్ అఫిడవిట్టు నేనే టైపు చేశాను.
పేరు: చేకూరి రామభద్రరాజు.
వృత్తి అన్నచోట ఆగితే,
"అడ్వకేట్ జనరల్ పదవికి రాజీనామా చేశాను, అని కొట్టు"
అన్నారు అద్దంలో చూసుకుంటూ.
ముప్ఫయ్యేళ్ళు తెల్ల బ్యాండు కింద దాగిన మెడ
ఆ మేర ఇంకా లేతగా ఉంది,
అప్పుడే ఒలిచిన అరటి దవ్వలా.

"పెండింగులో ఉన్న కేసులు?"
"లేవు."
లేవు అని కొట్టాను.
వేలు మాత్రం కాసేపు ఆ కీ మీదే ఉండిపోయింది.

నర్సాపురంలో, పంటు రేవుకెళ్ళే సందులో
మా మేడమీది గది.
మొదటిసారి ఆ మెట్లెక్కినప్పుడు
గుత్తుల సత్యవేణి చేతిలో ఒక్క కాగితమూ లేదు.
తౌడు సంచిలోంచి రెండు సీసాలు తీసి
బల్లమీద పెట్టింది.
"మా కాలవ నీళ్ళండి."
అంతే అంది.
రొయ్యల చెరువుల మురుగు, ముదురుపాకం రంగు.
రాజుగారు మూత తీసి వాసన చూసి
ఆ పూట అన్నం మానేశారు. నిజం, నేను చూశాను.
ఆ రాత్రే చెబుతూ పోయారు, కొడుతూ పోయాను,
పదకొండు పేజీలు.
వాదులు నలభై రెండు కుటుంబాలు.
ఫీజు ఒక గంప దొండకాయలు, రెండు కొబ్బరి గెలలు.
"ఈ నీట దిగిన పిల్లలకు
చెప్పులు తొడిగినట్టు పుళ్ళు లేచినవి"
అలాంటి వాక్యం మళ్ళీ నా మిషను మీద పడలేదు.

గెలిచాం.
ఒక సీసాకి కోర్టువారు చీటీ అంటించారు,
ఎగ్జిబిట్ మూడు అని.

సర్కారు అప్పీలుకెళ్ళింది.
ఈలోగా రాజుగారూ వెళ్ళారు, పైకి.
ప్లీడరు, స్పెషల్ ప్లీడరు, అదనపు ఏజీ, ఏజీ.
ప్రభుత్వం మారినప్పుడల్లా శాలువా రంగు మారింది.
సూట్‌కేసు మోస్తూ వెనకాలే నేను.

తను వేసిన దావాకి తనే ఎదురు నిలబడకూడదు.
నిలబడలేదు, ధర్మం తెలిసిన మనిషి.
జూనియర్ని నిలబెట్టారు.
కౌంటరు మాత్రం రాత్రి తనే కూచుని దిద్దారు,
ఎర్రసిరాతో.
గోడ కట్టినవాడికే తెలుసు ఏ ఇటుక వదులో.

ఇక వాయిదాలు.
"రెండు వారాలు, మైలార్డ్."
అంటూ కుడిచేయి కాస్త లేపడం
జూనియర్లందరికీ ఆయనే నేర్పారు.
రెండు వేళ్ళు, దోమను తోలినంత సుతారంగా.
ఆ రెండు వారాలు తొమ్మిదేళ్ళయ్యాయి.
డైరీలో ప్రతి తేదీ నా చేతిరాతే.
ఒకసారి లిస్టులో అట్టడుక్కి జారడానికి
చెరువులవాళ్ళ అయిదొందలు నా జేబుకే వచ్చాయి.
మా పిల్ల ట్యూషనుకి కట్టాను.

నిన్న ప్రచారం.
గెలిస్తే న్యాయశాఖ ఈయనదేనని ఊరంతా అంటోంది.
మురుక్కాలవ వంతెన మీద జీపు ఆగింది.
డ్రైవరు ముక్కు మూసుకున్నాడు.
రాజుగారి చేతులు రెండూ నమస్కారంలో ఇరుక్కుపోయాయి.

సత్యవేణి వచ్చింది.
మనిషి చిక్కింది. ముందుపళ్ళు లేవు.
తిడుతుందనుకున్నాను.
"బాబుగారూ, మన కేసు ఎప్పటికండీ?"
మన, అంది.

మైకు తెరిచే ఉంది.
మనసుకన్నా అలవాటు ముందు లేచింది.
కుడిచేయి, రెండు వేళ్ళు,
"రెండు వారాలు."
గెలుపు గుర్తు అనుకుని
కుర్రాళ్ళు ఈలలేశారు. డీజే దద్దరిల్లింది.

ఆవిడ వేలి కణుపుల మీద లెక్కేసుకుంది.
"ఆయ్, పోలింగూ ఆవేళేనండి.
వస్తాం. నలభై రెండు గుమ్మాలవాళ్ళమూ వస్తాం."

రాత్రి బీరువా తెరిచాను.
కోర్టుకెళ్ళని రెండో సీసా
వకాలత్తుల వెనక అలాగే ఉంది.
పైన నీళ్ళు తేటపడ్డాయి.
అడుగున వేలెడు నలుపు.
కదపకుండా, రెండు చేతులా పట్టుకుని
మెల్లిగా తెచ్చి పెట్టాను,
పొద్దున్నే ఆయన కాఫీ తాగే బల్లమీద.